మాణిక్యాంబ పేరున్న గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. నాలో పావు లీటరు నీళ్ళు పడతాయి. నా నడుము మీద ఒక ఆవిడ పేరు ఉంది. ఆవిడను నేను చూసింది ఒక్క పూటే. ఆ పేరు ఏ ఇంటి కోసం చెక్కించారో ఆ ఇంట్లో అది పెద్దగా పనికి రాలేదు. సంబంధం లేని మరో ఇంట్లో పనికొచ్చింది. ఆ సంగతే చెబుతాను. నిదానంగా చెబుతాను. తొందరపడితే ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుంది.

పుట్టింది మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. మొదట నేనొక గుండ్రటి రేకు బిళ్ళను. మిషను నాలుగు నొక్కులు నొక్కాక నాకు అడుగూ, నడుమూ, అంచూ వచ్చాయి. చివర ఒకాయన గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి నన్ను ఆనించి మెరుగు పెట్టాడు. పెట్టినంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. మనుషులకు వస్తువు మెరవాలి. మెరిపించినవాడి ఊపిరి ఎలా ఆడుతోందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. గ్లాసుకు ఉన్నదంతా నోరే, మాట లేదు.

పెద్దాపురంలో ఒక గిన్నెల కొట్టులో నన్ను కొన్నావిడ మాణిక్యాంబ. పిల్లలు లేని మనిషి. తమ్ముడి కొడుకు అన్నప్రాశనకు కానుకగా కొన్నది. మా వైపు ఇళ్ళల్లో స్టీలు సామాను కొంటే పేరు చెక్కించకుండా కొట్టు గుమ్మం దిగరు. పెళ్ళికీ పేరంటానికీ ఇరుగుపొరుగు గిన్నెలు అరువు పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎవరివి ఎవరివో తేలాలి. గుమ్మం పక్కన కరెంటు సూది పట్టుకుని కూర్చున్నతను నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం రాయమంటారండి?"

"చిరంజీవి బాబ్జీకి, మేనత్త మాణిక్యాంబ, నిండు నూరేళ్ళు చల్లగా ఉండి, పెద్ద ఉద్యోగం చేసి..."

"అమ్మా, ఇది గ్లాసండి. బిందె కాదు. దీవెనలతో అని రాసేస్తాను. అన్నీ అందులోకి వచ్చేస్తాయి."

ఆవిడ నవ్వి సరేనంది. అలా నా ఒంటి మీద ఆ ఒక్క ముక్క మిగిలింది.

బాబ్జీ నాలో ఎనిమిదేళ్ళు పాలు తాగాడు. పనిమనిషి రోజూ నన్ను ఒకే తీరుగా పట్టుకుని బూడిదతో తోమేది. పీచు పడే వైపు బాబ్జీ పేరు అరిగి మాయమైంది. ఆమె అరచెయ్యి కప్పిన వైపు "మేనత్త మాణిక్యాంబ దీవెనలతో" అన్న ముక్క అలాగే నిలిచింది. పాలు తాగినవాడి పేరు పోయి, ఇచ్చినవాళ్ళ పేరు మిగలడం మనుషులకు సరదాగా ఉంటుందనుకుంటాను. మా గ్లాసుల్లో అది మామూలు.

తరవాత సామర్లకోటలో ఎవరిదో పెళ్ళికి నేనూ అరువు వెళ్ళాను. పెళ్ళి అయ్యాక గిన్నెలన్నీ నేల మీద పోసి పేర్లు చూసి విడదీశారు. తొందరలో వంటమనిషి నన్ను వేరే గోనెసంచిలో వేశాడు. ఆ సంచి పెంటపాటి జగన్నాథం గారి ఇంటికి వెళ్ళింది.

జగన్నాథం గారు ఆ ఊరి రైల్వేస్టేషన్లో పార్సిల్ ఆఫీసు క్లర్కు. ఆయన భార్య అనసూయమ్మ. సంచి విప్పిన రోజే ఆవిడ నా మీది పేరు చదివి, "ఎవరిదో పాపం, వెతుక్కుంటూ ఉంటారు" అంది. మూడు నెలలు పెళ్ళివారినీ చుట్టుపక్కల వారినీ అడిగింది. ఎవరూ తమదనలేదు. పరాయి పేరున్న గ్లాసులో అతిథికి మంచినీళ్ళు ఇవ్వడం ఆవిడకు మనసొప్పలేదు. పారెయ్యడానికీ ఒప్పలేదు. చివరికి బియ్యం డబ్బాలో వేసింది. అప్పటి నుంచి నేను ఆ ఇంట్లో కొలత గ్లాసుని. పేరు లేని చుట్టాన్ని అనుకోండి. చుట్టం కాని పేరు ఉన్నదాన్ని అనుకున్నా సరే.

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దవాడు శేషగిరి, ఇంట్లో గిరి. చిన్నది హైమవతి, ఇంట్లో హైమ. గిరి డిప్లొమా చదివి, ఒరిస్సాలో ఎక్కడో డ్యాము కడుతున్న చోట కంపెనీ క్యాంపులో చేరాడు. హైమ ఇంటరు అయ్యాక టీచరు ట్రైనింగు పరీక్ష రాసింది. రాజమండ్రిలో సీటు వచ్చేంత ర్యాంకు వచ్చింది. ఉత్తరం రావాలి, ఇరవయ్యో తారీకు లోపల వెళ్ళి చేరాలి.

ఆ ఉత్తరం కంటే ముందు టెలిగ్రాం వచ్చింది. గిరి పోయాడని. మెదడుకెక్కిన మలేరియా అన్నారు. జగన్నాథం గారు రెండు రైళ్ళు మారి వెళ్ళేసరికి అక్కడ దహనం అయిపోయింది. ఆయన ఒక ట్రంకు పెట్టె, ఒక మట్టి పిడత తీసుకుని తిరిగి వచ్చారు. అనసూయమ్మ కొడుకుని చూడలేదు. చివరి రోజు వాడు ఏమన్నాడో, ఎవరు పక్కన ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ ఏడవలేదు కూడా. పదకొండు రోజులు గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం ముద్ద చేతికిస్తే తినేది. ఇవ్వకపోతే అడిగేది కాదు. నేను డబ్బాలో బియ్యం మీద పడి ఉన్నాను. మూత తీసినప్పుడు వెలుతురు వచ్చేది, పెట్టినప్పుడు పోయేది. ఇల్లంతా అలాగే ఉండేది.

పెద్దకర్మ నాడు జగన్నాథం గారి ఆఫీసువాళ్ళు పేపర్లో శ్రద్ధాంజలి వేయించారు. గిరి ఫొటో, తల్లిదండ్రుల పేర్లు, పని చేసిన క్యాంపు పేరు, ఊరు, వీధి. ఆ మర్నాడు అతను వచ్చాడు.

చావు జరిగిన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ళని రండి అనకూడదు. నువ్వెవరు బాబూ అని అడగకూడదు. వాళ్ళు వచ్చి కూర్చుంటారు, కాసేపటికి చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. ఆ పన్నెండు రోజులు ఏ ఇంటికీ తలుపు ఉండదు. ఊళ్ళో ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అతనికీ తెలుసు.

ఆ రోజు జనం ఎక్కువై గ్లాసులు చాలక నన్ను కూడా బయటికి తీశారు. వంటింట్లో పక్కింటి భ్రమరాంబ కాఫీ వడపోస్తూ హైమను అడిగింది.

"ఆ నీలం చొక్కా అబ్బాయి మీ నాన్న ఆఫీసేనా?"

"అమ్మ వైపు వాళ్ళేమో అనుకున్నాను పిన్నిగారూ."

"మీ అమ్మేమో మీ నాన్న వైపు అనుకుంటోంది. బాగుంది సంబడం. ఎవరి వైపూ కానివాడికి మూడుసార్లు కాఫీ పోశాం!"

అప్పుడే వసారాలోంచి అతని గొంతు వినిపించింది. మెత్తటి గొంతు. మాటకీ మాటకీ మధ్య వినేవాళ్ళ కోసం చోటు వదిలేది.

"అమ్మా, నా పేరు దయాకర్. గిరీ నేనూ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆఖరి రోజు నేనే ఉన్నాను."

పన్నెండు రోజుల్లో అనసూయమ్మ నోరు విప్పడం అదే మొదలు.

"నన్ను పిలిచాడా బాబూ?"

"మిమ్మల్నేనమ్మా పిలిచింది."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. జగన్నాథం గారు చేతులు జోడించారు. "మీరు వచ్చిన రోజు నేను అదే జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నానండి, అందుకే కలవలేకపోయాను" అన్నాడతను. ఆ క్యాంపులో తాను చూసినవాళ్ళలో ఒక్క ముఖం కూడా జగన్నాథం గారికి గుర్తు లేదు. ఆయన అక్కడ చూసింది పిడతనే.

వెళ్ళేటప్పుడు అతను గుమ్మంలో నిలబడి, "వస్తానమ్మా" అన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు అనకూడని మాట అది. కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనసూయమ్మ మాత్రం, "రా నాయనా" అంది.

వచ్చాడు. మూడో రోజున ఒక చేతిసంచితో వచ్చాడు. మొదటి వారం వసారాలో బల్ల మీద పడుకున్నాడు. రెండో వారం నడవలోకి వచ్చాడు. ఆ తరవాత గిరి మంచం ఖాళీగా ఎందుకని అనసూయమ్మే అంది. గిరి చొక్కా కూడా ఆవిడే తీసి ఇచ్చింది. గళ్ళ చొక్కా. అతనికి భుజాల దగ్గర కొంచెం బిగువు.

రోజూ పొద్దున వంటిల్లు అయ్యాక ఆవిడ వచ్చి అతని ఎదురుగా కూర్చునేది. అతను గిరి గురించి చెప్పేవాడు. రోజుకు ఒక్కటే చెప్పేవాడు. మధ్యలో ఆపి, "మిగతాది రేపు చెప్తానమ్మా, నాకూ కష్టంగా ఉంది" అనేవాడు. ఆ రేపటి కోసం ఆవిడ స్నానం చేసేది, తల దువ్వుకునేది, అన్నం తినేది. మనిషి లేచి తిరుగుతోంది కదా అని జగన్నాథం గారు అతన్ని ఏమీ అడగలేదు. రెండుసార్లు పలకరించడానికి వచ్చిన భ్రమరాంబను అతను గుమ్మంలోనే ఆపి, అమ్మగారు పడుకున్నారని చెప్పి పంపేశాడు. పడుకోలేదు. ఆ సంగతి లోపల ఉన్న మాకు తెలుసు.

హైమకు మొదట అనుమానం వచ్చింది గిన్నెలు తోమే చోట. అతను అన్నం తిన్న కంచాన్ని కడగడానికి వెయ్యకుండా, అంచు తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. ఆ కంచం గిరిది. "చి. శేషగిరికి అమ్మమ్మ నరసాయమ్మ" అని ఉంటుంది దాని మీద. మర్నాడు పొద్దున అతను, "గిరి ఎప్పుడూ వాళ్ళ అమ్మమ్మ నరసాయమ్మ గారి గురించే చెప్పేవాడు" అన్నాడు. తరవాత మరచెంబు మీద ఉన్న కొవ్వూరు వెంకటరత్నం గారు అతని మాటల్లోకి వచ్చారు. ఆయన అనసూయమ్మకు చిన్నాన్న.

హైమ వంటింట్లో తల్లికి చెప్పింది. నేను డబ్బాలోంచి విన్నాను.

"అమ్మా, అతనికి అన్నయ్య చెప్పినవి కావు. మన గిన్నెల మీద చదువుతున్నాడు."

"ఏంటే నీ వాగుడు? నరసాయమ్మ అబద్ధమా? వెంకటరత్నం చిన్నాన్న అబద్ధమా?"

"వాళ్ళు నిజమేనమ్మా. అతనే..."

"నీకు వాడి గురించి ఒక్క ముక్క చెప్పడం చేతనైందా ఇన్నాళ్ళకి? చెప్పేవాణ్ణి చెప్పనివ్వవు. నోరు ముయ్యి."

 హైమ బియ్యం డబ్బా మూత తీసి, నన్ను బయటికి తీసి కొంగుతో తుడిచింది. నా నడుము మీది పేరు మీద బొటనవేలు ఒకసారి ఆనించింది. ఆ పూట నుంచి అతనికి కాఫీ, మజ్జిగ, మంచినీళ్ళు అన్నీ నాలోనే ఇచ్చింది. తల్లి, "బియ్యం గ్లాసేదే?" అంటే, "సొట్ట పడింది, పక్కన పెట్టాను. గిన్నెతో కొలువు" అంది. ఆ రోజుల్లో అనసూయమ్మ ఎవరి చేతిలో ఏముందో చూసే స్థితిలో లేదు.

అలా నేను గిరి గదిలోకి చేరాను. అతను నన్ను చదివాడు. రెండుసార్లు చదివాడు. వెంటనే ఏమీ అనలేదు. దాచుకున్నాడు. మంచి మాట ఏదైనా దొరికితే అవసరం వచ్చేదాకా దాచుకునే మనిషి.

ఆ గదిలో ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నన్ను బరువు పెట్టేవాడు. నా కింద ఉన్నవి పేపర్లోంచి కత్తిరించిన ముక్కలు. అన్నీ శ్రద్ధాంజలులే. అన్నిట్లోనూ కుర్రవాళ్ళ ఫొటోలే. తణుకు, పలాస, బాపట్ల, ఇంకా ఏవో ఊళ్ళు. గిరి ముక్క అన్నిటికంటే పైన ఉండేది. కొన్నిటి మీద పెన్సిలుతో అడ్డగీత ఉంది. ఆ ఇళ్ళల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసిందల్లా నా అడుగు కింద ఎనిమిది మొహాలు ఉండేవని.

పదహారో తారీకున పోస్టుమాను హైమ పేరున పొడుగాటి కవరు తెచ్చాడు. వసారాలో ఉన్న అతనే అందుకున్నాడు. చదివి, మడిచి, నా కింద పెట్టాడు. ఆ సాయంత్రం హైమ అడిగితే, "ఏమీ రాలేదండి" అన్నాడు. అంటూ గోటితో నా అంచు మీద ఒకసారి కొట్టాడు. అతనికి అది అలవాటు. ఆ చప్పుడు వినిపిస్తే ఇంట్లో ఎవరో ఒకరు లేచి అతని దగ్గరికి వెళ్ళాలి.

మర్నాడు మధ్యాహ్నం హైమ నాలో మజ్జిగ తెచ్చి ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది.

"మా అన్నయ్య ఏ చేత్తో రాసేవాడండి?"

అతను నవ్వాడు. "పరీక్షలు పెడుతున్నావా? టీచరమ్మవి అయిపోయావే అప్పుడే!"

"చెప్పండి."

"మీ అన్నయ్య కూడా ఇలాగే అడిగేవాడు. ప్రతిదానికీ ప్రశ్నే. పాపం."

మాట మెత్తగానే ఉంది. నన్ను పట్టుకున్న రెండు వేళ్ళు మాత్రం నా అంచును మెల్లగా నొక్కుతూ వచ్చాయి. గుండ్రంగా ఉన్న నా నోరు కోలగా అయింది. హైమ అది చూసింది. అతను ఆమె చూసేదాకా ఆగి వదిలాడు.

"ఎల్లుండి ఆదివారం. మీ నాన్నగారు ఇంట్లో ఉంటారు. గిరి ఆఖరి మాట ఒకటి మిగిలి ఉంది. అది నీ గురించే. అప్పుడు చెప్తాను."

ఆదివారం భోజనాలయ్యాక అతను చెప్పాడు. గళ్ళ చొక్కా వేసుకుని, నన్ను చేతిలో పట్టుకుని, నడవలో కుర్చీలో కూర్చున్నాడు. జగన్నాథం గారు మంచం అంచున, అనసూయమ్మ నేల మీద, హైమ వంటింటి గుమ్మంలో.

"ప్రాణం పోయే ముందు నా చెయ్యి పట్టుకున్నాడండి. చెల్లిని ఎవరికో ఇవ్వనివ్వకురా, నువ్వు చేసుకో, అమ్మానాన్నల్ని నువ్వే చూసుకో అన్నాడు. ఇన్నాళ్ళూ నోరు రాలేదు. నాకు ఇష్టమని కాదు. వాడి మాట."

ఫ్యాను తిరుగుతోంది. చచ్చిపోయేవాడి మాట ఆ ఇంట్లో కోర్టు తీర్పు లాంటిది. దాని మీద అప్పీలు ఉండదు. జగన్నాథం గారు, "వాడి మాట నేను తీసెయ్యలేను" అన్నారు.  అనసూయమ్మ మొహం చూస్తే తెలుస్తోంది. అల్లుడైతే ఇతను ఎక్కడికీ వెళ్ళడు. రోజుకో కథ ఉంటుంది. ఇరవయ్యో తారీకుకి ఇంకొక్క రోజు ఉంది. హైమ అది లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు.

గుమ్మంలోంచి హైమ అంది. "నాన్నా, చేసుకోమంటే చేసుకుంటాను. ఒక్కటి అడగండి. అన్నయ్య ఆఖరున ఇంకా ఎవరెవర్ని తలుచుకున్నాడో చెప్పమనండి."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా?" అన్నారాయన.

"చెప్పనీ" అంది అనసూయమ్మ ఆశగా. "చెప్పు బాబూ."

అతను కళ్ళు దించాడు. దుఃఖంతో దించినట్టే ఉంది. ఆ కళ్ళు నా నడుము మీద ఆగాయి. దాచుకున్న మాట తీసే సమయం వచ్చిందనుకున్నాడు.

"అమ్మమ్మ నరసాయమ్మ గారిని తలుచుకున్నాడు. కొవ్వూరు తాతయ్య వెంకటరత్నం గారిని. అందరికంటే ఎక్కువ మాణిక్యాంబ అత్తయ్యని. నన్ను ఎత్తుకుని పెంచింది మా మేనత్తేరా, ఆవిడ దీవెన వల్లే ఇన్నాళ్ళు బతికాను అన్నాడండి."

 జగన్నాథం గారు మెల్లగా అన్నారు. "నాకు అక్కచెల్లెళ్ళు లేరు బాబూ."

"అంటే... వరసకి అత్త అయి ఉంటారండి. గిరి అలాగే పిలిచేవాడు."

హైమ వచ్చి అతని చేతిలోంచి నన్ను లాక్కుంది. మజ్జిగ గళ్ళ చొక్కా మీద ఒలికింది. ఆమె నన్ను తండ్రి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

"ఇదెవరి గ్లాసే అనసూయా?"

ఆవిడ గొంతు ఎక్కడి నుంచో వచ్చినట్టు వచ్చింది. "బియ్యం గ్లాసు. ఎవరి పెళ్ళిలోనో మారిపోయి వచ్చింది. ఆ మాణిక్యాంబ ఎవరో మనకి తెలియదు."

నేను ఆ ఇంట్లో పదకొండేళ్ళు పరాయిదాన్నిగానే ఉన్నాను. దానికి ఒక ప్రయోజనం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

అతని మొహంలో భయం కనపడలేదు. మెత్తదనం మాత్రం పోయింది. జగన్నాథం గారిని చూడలేదు, హైమను చూడలేదు. అనసూయమ్మ వైపు తిరిగాడు.

"సరేనమ్మా. నేను వెళ్ళిపోతాను. రేప్పొద్దున మీ ఎదురుగా కూర్చుని వాడి గురించి మాట్లాడేదెవరు? ఈయనా? ఈ పిల్లా? వీళ్ళు వాడి పేరెత్తి ఎన్నాళ్ళయింది? నేను ఉంటేనే వాడు ఈ ఇంట్లో ఉంటాడు. ఆలోచించుకోండి."

అతను అన్నదాంట్లో అది ఒక్కటే నిజం. అందుకే అందరికీ తగిలింది.  అనసూయమ్మ లేచింది. గిరి గదిలోకి వెళ్ళింది. ఎంతసేపు లోపల ఉందో నాకు తెలియదు. ఎక్కువసేపే. ఆవిడ ఏ వైపు తేలుతుందో హైమకు తెలియదని, గుమ్మం పట్టుకున్న చెయ్యి చూస్తే అర్థమైంది.

ఆవిడ చేతిసంచి తీసుకుని బయటికి వచ్చింది. నేల మీద పెట్టి విప్పింది. అందులోంచి గిరి చొక్కాలు రెండు తీసి పక్కన పెట్టింది. పేపరు ముక్కల కట్ట తీసింది. ఒక్కొక్క ఫొటో చూసింది, పిల్లల మార్కుల కాగితాలు చూసినట్టు. దాని అడుగున పొడుగాటి కవరు ఉంది. ఆవిడ దాన్ని హైమ చేతికి ఇచ్చింది. ముక్కల కట్ట మొగుడికిచ్చి, సంచి మూసి గుమ్మం అవతల పెట్టింది.

అతను లేచాడు. ఒంటి మీది గళ్ళ చొక్కా గుండీలు విప్పబోతే, "అది ఉంచుకో. మజ్జిగ పడింది" అంది. అతను మెట్టు దిగాక ఆవిడ గుమ్మంలో నిలబడి పిలిచింది.

"ఇదిగో, బాబూ."

అతను ఆగాడు.

"ఆ రోజు వాడు అన్నం తిన్నాడా?"

"అమ్మా!" అంది హైమ.

"నాకు తెలుసే. అబద్ధమైనా ఫరవాలేదు. చెప్పి వెళ్ళు."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. కక్ష తీర్చుకోవడానికి అంత మంచి అవకాశం మరొకటి రాదు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎందుకు చెప్పాడో నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

"తిన్నాడమ్మా. చారూ అన్నం. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు."

ఆవిడ తల ఊపి తలుపు వేసింది.

హైమ మర్నాడు పొద్దుటి ప్యాసింజరులో తండ్రితో రాజమండ్రి వెళ్ళి ట్రైనింగులో చేరింది. జగన్నాథం గారు తిరిగి వచ్చి పోలీసులకు చెప్పారు. వాళ్ళు రాసుకున్నారు. తరవాత ఆయన ఆ పేపరు ముక్కల మీద ఉన్న ఏడు ఇళ్ళకూ తలా ఒక కార్డు రాశారు. ఫలానా మనిషి వస్తే నమ్మవద్దని. రెండు ఇళ్ళ నుంచి జవాబు వచ్చింది. ఒకరు కృతజ్ఞతలు చెప్పారు. రెండోవారు, ఆ అబ్బాయి తమ దగ్గర నెల రోజులు ఉన్నాడనీ, చాలా మంచివాడనీ, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలిస్తే ఒక్కసారి పంపమనీ రాశారు. జగన్నాథం గారు ఆ కార్డు చదివి, భార్యకు చూపకుండా చింపేశారు.

నన్ను కడిగి మళ్ళీ బియ్యం డబ్బాలో వేశారు. నా అంచు కోలగానే ఉంది. కొలతకు అడ్డం కాదు. తోమినప్పుడల్లా మాణిక్యాంబ పేరు కొంచెం కొంచెం అరుగుతోంది.

దసరా సెలవులకు హైమ ఇంటికి వచ్చినప్పుడు, కాకినాడ నుంచి గిరి స్నేహితుడి తల్లి చూడడానికి వచ్చింది. సంగతి ఆలస్యంగా తెలిసిందట. ఆవిడా అనసూయమ్మా నడవలో కూర్చున్నారు. హైమ వంటింట్లో నాతో బియ్యం కొలుస్తోంది.

"ఆఖరి రోజున పిల్లాడు బాధపడ్డాడా వదినా?" అని అడిగింది వచ్చినావిడ.

"లేదొదినా" అంది అనసూయమ్మ. "శుభ్రంగా అన్నం తిన్నాడు. చారన్నం. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు."

జగన్నాథం గారు అక్కడే ఉన్నారు. ఆయన పేపరు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

హైమ చేతిలో నేను సగం బియ్యంతో గాలిలో ఆగాను. అబద్ధాన్ని అక్షరం పట్టుకుని బయటికి లాగిన పిల్ల అది. రేపు బళ్ళో పిల్లలకు తప్పులు దిద్దవలసిన పిల్ల. ఆ మాట దిద్దడానికి తండ్రికి రాని నోరు తనకు వస్తుందేమో అనుకున్నాను.

హైమ నన్ను నిండా నింపింది. గిన్నెలోకి వంచింది. వంచుతూ, నడవలోకి వినిపించేలా అంది.

"చారు బాగుందన్నాడటండి, అత్తయ్యగారూ. వండినవాళ్ళని అడిగి మరీ వేయించుకున్నాడట."